మదనపల్లె మాట, పెన్సిల్వేనియా పాట

మా పెద్దనాయన లెక్కల అయివారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కంభం చుట్టుపక్కలే చేశాడు. 1980ల మొదట్లో మూడేళ్ళ పాటు, ప్రతి డిసెంబరు ఆఖర్లో కంభం నుంచి బస్సులో ఒంగోలు పోయి, అక్కడ రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్ళేవాడు. అడయారులోని వసంత విహార్‌లో, చెట్ల కింద, జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు వినడానికి. తిరిగొచ్చాక ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. అడిగినా, "నేను చెప్తే అది నా మాటవుతుంది గదా" అని ఊరుకునేవాడట.

ఒక ఏడు మాత్రం మా తాత తద్దినానికి కూర్చోనన్నాడు. నమ్మకం లేని పని నాయన పేరు మీద చెయ్యడం ఆయన్ని మోసం చెయ్యడమేనన్నాడు. మా నాయన ఒక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒకే వీధిలో ఉంటూ ఏడేళ్ళు మాట్లాడుకోలేదు. మా నాయనమ్మ పోయినప్పుడు మళ్ళీ మాట కలిసింది. అప్పుడూ కార్యం మా నాయనే చేశాడు. పెద్దనాయన పాడె మోశాడు.

ఇంటి గొడవతో ఎందుకు మొదలుపెట్టానంటే, 1991 డిసెంబరు 31న అమెరికాలో విడుదలైన ఒక రాక్ ఆల్బమ్‌లో రెండో పాట పేరు 'ఆపరేషన్ స్పిరిట్'. దానికొక ఉపశీర్షిక ఉంది: 'ది టిరనీ ఆఫ్ ట్రెడిషన్'. సంప్రదాయపు దౌర్జన్యం అనుకోవచ్చు. ఆ ఆల్బమ్‌లోని పాటల వెనక ఉన్నది మద్రాసులో మా పెద్దనాయన విన్న మనిషే. పాడింది పెన్సిల్వేనియా రాష్ట్రంలో యార్క్ అనే ఊరి కుర్రాళ్ళు. బ్యాండ్ పేరు 'లైవ్'. ఆల్బమ్ పేరు 'మెంటల్ జ్యూయెలరీ', అంటే మనసుకు పెట్టుకున్న నగలు.

*

యార్క్ పెద్ద ఊరేం కాదు. 1777లో బ్రిటిష్ సైన్యానికి దొరక్కుండా ఫిలడెల్ఫియా వదిలొచ్చిన అమెరికా నాయకులు కొన్నాళ్ళు అక్కడే సమావేశమయ్యారు. తర్వాతి కాలంలో అది ఫ్యాక్టరీల ఊరు: మోటారు సైకిళ్ళు, ఏసీ యంత్రాలు, పిప్పరమెంటు బిళ్ళలు. 1969లో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య జరిగిన అల్లర్లు ఆ ఊరి మీద చాలాకాలం మచ్చగా ఉండిపోయాయి.

ఆ ఊరి బళ్ళో కలిశారు నలుగురూ. ఎడ్ కోవాల్చిక్ పాట, చాడ్ టేలర్ గిటారు, పాట్రిక్ డాల్‌హైమర్ బేస్, చాడ్ గ్రేసీ డ్రమ్స్. మొదట వేరే పేర్లతో వాయించారు. 'పబ్లిక్ అఫెక్షన్' అన్న పేరుతో 1989లో 'ది డెత్ ఆఫ్ ఎ డిక్షనరీ' అనే ఆల్బమ్ సొంతంగా తెచ్చుకున్నారు. హైస్కూలు అయిపోయింది ఆ ఏడే. ఈడు పిల్లలు కాలేజీలకి పోతుంటే వీళ్ళు వ్యాన్లో సామాన్లు వేసుకుని న్యూయార్క్ క్లబ్బుల దారి పట్టారు.

అక్కడ వాళ్ళకు తోడు దొరికింది 'టాకింగ్ హెడ్స్' వైపు నుంచి. ఆ బ్యాండ్ వ్యవహారాలు చూసిన గ్యారీ కర్ఫర్స్ట్ 'రేడియోయాక్టివ్' అన్న రికార్డు కంపెనీ పెట్టి ఈ నలుగుర్నీ తీసుకున్నాడు. పేరు లైవ్ అయింది. 1991లో ముందు నాలుగు పాటల చిన్న రికార్డొకటి వచ్చింది. తర్వాత పూర్తి ఆల్బమ్‌కి నిర్మాతగా కూర్చున్నవాడు టాకింగ్ హెడ్స్‌లో కీబోర్డు, గిటారు వాయించిన జెర్రీ హారిసన్. విచిత్రం చూడండి, టాకింగ్ హెడ్స్ విడిపోయినట్టు బయటికి ప్రకటించింది కూడా ఆ డిసెంబరులోనే. పాత బ్యాండ్‌కి తెరపడిన నెలలోనే హారిసన్ తయారుచేసిన కొత్త కుర్రాళ్ళ రికార్డు బయటికొచ్చింది.

*

సాధారణంగా రాక్ బ్యాండ్ల మొదటి ఆల్బమ్‌లో ఉండేవి ప్రేమ, ఊరి మీద విసుగు, తల్లిదండ్రుల మీద కోపం. ఇందులో ఉన్న పన్నెండు పాటల పేర్లే వేరుగా ఉంటాయి. 'యూ ఆర్ ద వరల్డ్' అన్నది ఒకటి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కృష్ణమూర్తి చేసిన ప్రసంగాల పుస్తకం 1972లో వచ్చింది, దాని పేరూ అదే. 'మిర్రర్ సాంగ్' ఒకటి. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న సంబంధమే అద్దం, నిన్ను నువ్వు చూసుకోవాల్సింది అందులోనే అని ఆయన ఏళ్ళ తరబడి చెప్పాడు. 'టైర్డ్ ఆఫ్ మీ'లో 'నేను' అన్నదానితో విసిగిపోవడం. చివరి పాట 'టెన్ థౌజండ్ ఇయర్స్', ఉపశీర్షిక 'పీస్ ఈజ్ నౌ'. శాంతి నెమ్మదిగా, మెట్టు మెట్టుగా వచ్చేది కాదు, వస్తే ఇప్పుడే రావాలి అన్న వాదం కృష్ణమూర్తిని కాస్త చదివినవాళ్ళెవరికైనా తెలిసిందే.

పాటల మాటలు ప్రధానంగా కోవాల్చిక్‌వి. ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి ఇరవై ఏళ్ళు. కృష్ణమూర్తి పోయి ఆరేళ్ళు కావస్తోంది.

భారతదేశం వైపు చూసిన పాశ్చాత్య గాయకులు అంతకుముందు లేకపోలేదు. 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ నలుగురూ రిషీకేశ్ వచ్చారు. జార్జ్ హారిసన్ సితారు నేర్చుకున్నాడు, కృష్ణ భజనల్ని రికార్డు చేయించాడు. వాళ్ళకు కావలసింది గురువు, మంత్రం, ఆశ్రమం. లైవ్ పిల్లలు అందుకు తలకిందులుగా, గురువూ వద్దు, మంత్రమూ వద్దు అన్నవాణ్ణి పట్టుకున్నారు. సితారు పెట్టలేదు, తబలా పెట్టలేదు, అగరొత్తుల వాసన లేదు. ఇండియా అన్న మాటే చెవిన పడదు. ఆల్బమ్‌లో నాకు మొదట నచ్చింది అదే.

వినడానికి ఎలా ఉంటుందంటే, అన్నిటికంటే ముందు చెవిలో పడేది డాల్‌హైమర్ బేస్. వెనక ఉండాల్సిన వాద్యం ముందుకొచ్చి పరిగెడుతుంటుంది. గ్రేసీ డ్రమ్ పొడిగా, ఎండిన తోలు మీద కొట్టినట్టు టపటపమంటుంది. గిటారు చాలాచోట్ల శుభ్రంగా ఉంటుంది, గరగర తక్కువ. నలుగురు మనుషులు ఒక గదిలో ఒకరి ముఖం ఒకరు చూస్తూ వాయిస్తున్నట్టు ఉంటుంది. హారిసన్ దాని మీద పెద్దగా రంగులు పూయలేదు. ఆ పొడి శబ్దం మీద కోవాల్చిక్ గొంతు మాత్రం ఉపన్యాసం ఇస్తున్నవాడిలా పైకి లేస్తుంది. గొప్పతనమూ చిక్కూ రెండూ అక్కడే ఉన్నాయి.

*

చిక్కు ఏమిటో చెప్పాలంటే కృష్ణమూర్తి దగ్గరికి పోవాలి.

1895 మేలో మదనపల్లెలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఆ ఇల్లు మదనపల్లె నుంచి కడపకూ వేరే ఊళ్ళకూ బదిలీల మీద తిరిగింది. పిల్లవాడికి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. 1909లో కుటుంబం అడయారుకి చేరాక, సముద్రపుటొడ్డున ఆడుకుంటున్న ఆ బక్కపిల్లవాణ్ణి లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువు ఇతనేనన్నాడు. అనీబీసెంట్ పెంపకానికి తీసుకుంది. పిల్లల్ని తిరిగి ఇప్పించమని తండ్రి వేసిన దావా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, చివరికి బీసెంట్ పక్షాన ముగిసింది. 1911లో ఇంగ్లండు పోయిన ఆ పిల్లవాడు క్రమంగా తెలుగు మర్చిపోయాడు. జీవితాంతం మాట్లాడింది, రాసింది ఇంగ్లీషులో.

అతని కోసం 'ఆర్డర్ ఆఫ్ ద స్టార్' అన్న సంస్థ కట్టారు. దేశదేశాల్లో వేలాదిమంది చేరారు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో, ఆ సభ్యుల ముందే నిలబడి, ఆ సంస్థను రద్దు చేస్తున్నానన్నాడు. సత్యానికి దారంటూ లేదనీ, దాన్ని సంస్థగా కట్టలేమనీ, తనకు అనుచరులు అక్కర్లేదనీ చెప్పాడు. కానుకగా వచ్చిన కోటను, భూముల్ని ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇప్పించాడు.

ఇప్పుడు ఆలోచించండి. నన్ను అనుసరించొద్దు, నా మాటలు వల్లెవేయొద్దు అన్న మనిషి మాటల్ని, వేలమంది ఒకేసారి చేతులెత్తి గొంతు కలిపి పాడే రాక్ పాటలుగా చేస్తే దాన్నేమనాలి? ఆల్బమ్‌లో ఒక పాట పేరు 'టేక్ మై యాంథమ్'. యాంథమ్ అంటే అందరూ లేచి నిలబడి పాడేది. ఓమెన్‌లో రద్దయింది ఆ లేచి నిలబడడమే కదా!

*

విడుదలైన వేళ మంచిది కాదనే చెప్పాలి. 1991 సెప్టెంబరులో వచ్చిన నిర్వాణా 'నెవర్‌మైండ్' 1992 జనవరి రెండో వారానికి మైకేల్ జాక్సన్‌ని పక్కకి నెట్టి బిల్‌బోర్డ్ మొదటి స్థానానికి ఎక్కింది. వెటకారం, వెగటు, చిరిగిన గిటారు మోత, ఆనాటి గాలి అది. ఆ గాలిలో ప్రపంచమంటే నువ్వేనని గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పే ఇరవయ్యేళ్ళవాళ్ళు కాస్త బడిపిల్లల్లా కనిపించి ఉంటారు. విమర్శకుల్లో కొందరు వీళ్ళ నిజాయితీని మెచ్చుకున్నారు. కొందరు పాఠం చెప్తున్నారన్నారు. యూటూ, ఆర్.ఈ.ఎమ్. బ్యాండ్ల నీడ ఉందన్నవాళ్ళూ ఉన్నారు.

అయినా పూర్తిగా మునగలేదు. 'ఆపరేషన్ స్పిరిట్' వీడియోని ఎమ్‌టీవీ వేసింది. ఆ పాట మోడర్న్ రాక్ పట్టికలో 9వ స్థానం దాకా వెళ్ళింది. ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200లో 73 దగ్గర ఆగింది. 1992లో ఎమ్‌టీవీ '120 మినిట్స్' పేరుతో నడిపిన యాత్రలో పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్, బిగ్ ఆడియో డైనమైట్, బ్లైండ్ మెలన్‌లతో పాటు వీళ్ళూ ఊరూరూ తిరిగారు.

అసలు పేరు తెచ్చింది రెండో ఆల్బమ్ 'త్రోయింగ్ కాపర్', 1994 ఏప్రిల్‌లో. నిర్మాత మళ్ళీ హారిసనే. అందులో ప్రసంగం తగ్గింది, చీకటి పెరిగింది, గిటార్లు మోతెక్కాయి. ఏడాది పాటు మెల్లమెల్లగా ఎక్కి 1995 మేలో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలో ఎనభై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జనం అటు వెళ్ళాక మొదటి ఆల్బమ్ ఒక ముందుమాటగా మిగిలిపోయింది. 2017లో ఇరవై అయిదేళ్ళ సంచికగా మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం, దాన్ని కుర్రతనంలో ప్రేమించినవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసింది.

నాకు ఈ రెండూ తిరగేసి చేరాయి. ఇంజనీరింగు హాస్టల్లో 1995లో ఎవడో పెట్టిన 'త్రోయింగ్ కాపర్' విన్నాను. ఇంకో రెండేళ్ళకి, అమెరికా నుంచి వచ్చిన సహాధ్యాయి అన్న దగ్గర మొదటి ఆల్బమ్ దొరికితే తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. దానికీ కృష్ణమూర్తికీ సంబంధముందని చెప్పింది ఆ అన్నే. ఆ క్యాసెట్టు పట్టుకుని సెలవులకి కంభం వెళ్ళాను. నా మనసులో ఉన్నది ఒకటే, పెద్దనాయనకి వినిపించాలి. మనవాడు అమెరికా దాకా పోయాడు చూడు, అని చెప్పాలి.

*

సాయంత్రం చెరువు కట్ట మీద కూర్చుని వినిపించాను. వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి, ఇంగ్లీషు మాటల్లో నాకర్థమైనంత విడమరిచి చెప్పాను. మొదటి పాట 'పెయిన్ లైస్ ఆన్ ద రివర్‌సైడ్', బాధ ఉన్నది ఏటి ఒడ్డున. ఆ పాట వింటే నాకు కృష్ణమూర్తి పిల్లలతో చెప్పిన ఒక పోలిక గుర్తొస్తుంది. జీవితం పారే నది. మనం దాని పక్కన ఒక చిన్న గుంట తవ్వుకుని, అందులో మన ఇల్లు, మన దేవుళ్ళు, మన భయాలు పెట్టుకుని కూర్చుంటాం. నది పారిపోతుంటుంది, గుంట మురిగిపోతుంటుంది.

పెద్దనాయన రెండు పాటలు విని ఇయర్‌ఫోన్లు తీసేశాడు.

"పిలకాయలు బాగనే అరుస్తుండారు. ఎంత వయసు వీళ్ళకి?"

"ఇరవై, ఇరవై ఒకటి."

"ఆ వయసులో ఆ మాట అనడం తేలికరా. నాకు నలభై దాటినాక వచ్చింది. దానికి ఏడేళ్ళు కట్టినా."

నేను మనవాడు, మదనపల్లె, అని ఏదో అనబోయాను. ఆయన నవ్వాడు. "మనవాడేంది? ఆ మనిషి తెలుగు కూడా మర్చిపోయినాడు. మనవాడు అనుకుంటే ఇంగ వినాల్సిన పన్లా."

కాసేపాగి చెరువు వైపు చూపించాడు. "ఆయన చెప్పిన నది పోలిక మద్రాసులో విన్నప్పుడు నాకు బానే ఉండింది. ఇంటికొచ్చి కట్టెక్కితే మాత్రం అనుమానమొచ్చింది. మన గుండ్లకమ్మని పారనిస్తే ఏముంటాది? వానొచ్చిన నాలుగు రోజులు పారి పోతాది. ఈ కట్ట ఉండబట్టి గదా కింద వరి పండేది."

*

ఆ మాట నన్ను వదల్లేదు. కంభం చెరువు నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకి అడ్డంగా, రెండు కొండల మధ్య సందుని మూసి కట్టింది. విజయనగర రాజుల కాలంది, కట్టించింది గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని చెప్పుకుంటారు. అయిదొందల ఏళ్ళవుతున్నా ఆయకట్టుకి నీళ్ళిస్తూనే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ నీటి కట్టడంగా గుర్తించింది. పడమటి ప్రకాశంలో నీళ్ళు ఎప్పుడూ ఉండవు. ఉన్నప్పుడు పట్టుకోవాలి. కట్ట అంటే మాకు బందిఖానా కాదు. అలాగని కట్ట ఒక్కటే చాలదు. తూము తెరవకపోతే కింద పొలం ఎండుతుంది, అలుగు పారకపోతే కట్టే తెగుతుంది.

తర్వాత ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలో, యార్క్‌కి గంట దూరంలో కొన్నేళ్ళు ఉన్నాను. ఏడాది పొడవునా వానో మంచో పడే నేల. పక్కనే సస్క్వెహానా, ఎండాకాలంలో కూడా నిండుగా పారుతుంటుంది. ఆ ఒడ్డున కారాపి మొదటి పాట పెట్టుకున్నప్పుడు, ఇక్కడ పెరిగినవాళ్ళకి నది పోలిక ఎందుకంత నేరుగా తగిలిందో తెలిసొచ్చింది. వాళ్ళకి నీళ్ళ కొరత లేదు. వాళ్ళ బాధ ఒడ్డున ఇరుక్కుపోవడమే.

కృష్ణమూర్తి కూడా కట్టలు కట్టనివాడు కాదు. సంస్థను రద్దు చేసినవాడే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడికి, కాశీలో రాజ్‌ఘాట్‌కి, ఇంగ్లండులో బ్రాక్‌వుడ్‌కి, ఓహాయ్‌లో ఓక్ గ్రోవ్‌కి మూలమయ్యాడు. ప్రసంగాలన్నీ టేపుల మీదికి ఎక్కనిచ్చాడు, వాటిని కాపాడేందుకు ఫౌండేషన్లు పెట్టనిచ్చాడు. ఎంతోకాలం తన పనులు చూసిన రాజగోపాల్‌తో ఆస్తుల మీద, రాతప్రతుల మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1974లో అది రాజీతో ముగిసింది. నీళ్ళు నిలవాలంటే ఎవరో ఒకరు మట్టి మొయ్యాలి. మోసినవాళ్ళ మధ్య తగువులూ తప్పవు.

లైవ్ కథా అటే పోయింది. 2009లో కోవాల్చిక్ బయటికి పోయాడు. మిగిలిన ముగ్గురూ వేరే గాయకుడితో 2014లో ఆల్బమ్ తెచ్చారు, నిర్మాత మళ్ళీ హారిసన్. 2016 ఆఖర్న నలుగురూ కలిశారు. 2022కల్లా మళ్ళీ విడిపోయారు. ఇప్పుడు ఆ పేరుతో పాడుతున్న పాతవాడు కోవాల్చిక్ ఒక్కడే. బళ్ళో కలిసి, 'నేను' అంటే విసుగొచ్చిందని పాడిన నలుగురు చివరికి ఒక పేరు ఎవరిదన్న దగ్గర తెగిపోవడం చూస్తే నవ్వు రాదు. ఒకే వీధిలో ఏడేళ్ళు పలకరించుకోని ఇద్దరన్నదమ్ములు గుర్తొస్తారు.

కాబట్టి 'మెంటల్ జ్యూయెలరీ'ని కృష్ణమూర్తి తత్వానికి సంగీతరూపమని నేననను. ఆ లెక్కన చూస్తే అది ఓడిపోయిన ఆల్బమ్. వల్లెవేయొద్దన్నదాన్ని వల్లెవేసింది. నా ఉద్దేశంలో అది పారే నీటి పక్కన నలుగురు కుర్రాళ్ళు తవ్వుకున్న ఒక గుంట. చిన్నదే. కానీ పారిపోయే నీళ్ళు కాసిని అక్కడ నిలిచాయి. అక్కణ్ణించి ఒక క్యాసెట్టులో పడి కంభం దాకా వచ్చాయి. ఆ పాటలు లేకపోతే, తద్దినానికి ఎందుకు కూర్చోలేదో పెద్దనాయన నాతో మాట్లాడి ఉండేవాడు కాదు. ఆయన పుస్తకాల బీరువా నేను తెరిచి ఉండేవాణ్ణీ కాదు.

పెద్దనాయన పోయి పదేళ్ళు దాటింది. ఆయనకి కార్యం చేయాలా వద్దా అని ఇంట్లో మళ్ళీ మాటొచ్చింది. చేయొద్దని ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు, చేయమనీ చెప్పలేదు. చేస్తానన్నది మా నాయనే. "వానికి నమ్మకం లేదు. నాకుంది. ఇది నా పని" అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను, మంత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కట్ట మీదికి నడిచాం. ఆ ఏడు వానలు బాగా పడి అలుగు పారుతోంది. మా నాయన ఆ నీళ్ళ చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాడు. నేనూ ఏ పాటా పెట్టుకోలేదు.